సముద్రంలో కోడిపుంజు



ఈ పూట ఒక కోడిపుంజు గురించి చెబుదామని వచ్చాను. ఇది కూత పెట్టదు. గింజలు ఏరుకోదు. సంక్రాంతి బరిలోకి దిగదు. నీళ్లలో ఉంటుంది, మొప్పలతో ఊపిరి తీస్తుంది. ఒంటి నిండా నిలువు చారలు. ఎర్రటిదొకటి, తెల్లటిదొకటి, మధ్యలో ఇటుక రంగుదొకటి. చెంపల పక్కనుంచి రెండు వైపులా విసనకర్రల్లా విచ్చుకునే రెక్కలు. వీపు మీద వరసగా నిక్కబొడుచుకున్న ముళ్లు. కళ్ల మీద కొమ్ముల్లాంటి రెండు చిన్న పీలికలు. పగడపు దిబ్బల దగ్గర నీళ్లలోకి దిగినవాళ్లకు ఇది ఎదురైతే కాసేపు మిగతా చేపలేవీ కంటికి ఆనవు.

ఇంగ్లీషులో దీన్ని లయన్ ఫిష్ అంటారు. ఆ రెక్కల్ని సింహం జూలుగా చూశారన్నమాట. అదే భాషలో టర్కీ ఫిష్ అన్న పేరూ ఉంది, ఫైర్ ఫిష్ అన్న పేరూ ఉంది. జపాన్‌లో దీని దగ్గర బంధువును మినోకసాగో అంటారు. మినో అంటే గడ్డితో అల్లి వానలో భుజాల మీద కప్పుకునేది. మన రైతులు నాట్ల రోజుల్లో నెత్తిన వేసుకునే గిడుగు లాంటిదే. ఒకరికి సింహం, ఒకరికి టర్కీ కోడి, ఒకరికి నిప్పు, ఒకరికి వానకప్పు. మరి మనవాళ్లకు?

విశాఖపట్నం ఒడ్డున 1780లలో దీని పేరు అడిగిన ఒక స్కాట్లాండ్ వైద్యుడికి జాలర్లు చెప్పిన పేరు ఆయన తన చెవికి వినబడినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. కోడిపుంగి అని. మనం ఒకసారి పైకి చదివితే చాలు, లోపల ఉన్నది కోడిపుంజు అని తెలిసిపోతుంది.

ఆ వైద్యుడి పేరు పాట్రిక్ రస్సెల్. ఎడింబరోలో పుట్టినవాడు. సిరియాలోని అలెప్పో నగరంలో చాలాకాలం వైద్యం చేశాడు, అక్కడి ప్లేగు మీద పెద్ద గ్రంథమే రాశాడు. అలెప్పో వదిలిన తర్వాత, తమ్ముడు క్లాడ్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా విశాఖపట్నం వస్తే ఆయనతోపాటు వచ్చాడు. 1785లో కంపెనీ ఆయన్ను కర్నాటిక్ ప్రాంతానికి ప్రకృతి శాస్త్రవేత్తగా నియమించింది. 1789లో ఇంగ్లండ్ తిరిగి వెళ్లాడు. ఈ నాలుగైదేళ్లలో ఆయన మన తీరం మీద సేకరించింది తక్కువ కాదు. రక్తపింజరికి ఇంగ్లీషులో రస్సెల్స్ వైపర్ అన్న పేరు ఈయన వల్లనే వచ్చింది. ఆ పాముకు ఆయన రాసుకున్న తెలుగు పేరు కాటుక రేకుల పొడ. ఎంత చక్కటి పేరో చూడండి. పాము ఒంటి మీది మచ్చలను చూసి, కాటుక దిద్దిన రేకులని పిలిచిన మనిషి ఎవరో మనకు తెలియదు. కట్లపాముల ప్రజాతికి శాస్త్రం పెట్టిన బంగారస్ అన్న లాటిన్ పేరు కూడా ఆయన రాసుకున్న బంగారు పాము అన్న తెలుగు మాట నుంచి వచ్చిందే.

1803లో లండన్‌లో ఆయన చేపల పుస్తకం రెండు సంపుటాలుగా వెలువడింది. విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల వర్ణనలు, బొమ్మలు. చాలా చేపలకు తెలుగు పేరు. ఆ బొమ్మలు గీసింది మన దేశపు చిత్రకారుడే, ఆయన పేరు మనకు దక్కలేదు. పేర్లు చెప్పిన జాలర్ల పేర్లూ దక్కలేదు. ఈ మాట అనుకున్నప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. కానీ వాళ్లు పలికిన మాటలు మాత్రం బతికాయి. మనం వారంలో ఒకసారైనా కొనుక్కునే కానాగంతలున్నాయి కదా, కనగర్తలని కూడా అంటారు, ఊరికో పలుకుబడి. ఆ చేపకు ప్రపంచమంతా ఒప్పుకున్న శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిజర్ కనగుర్త. ఫ్రాన్స్ దేశపు మహా శాస్త్రవేత్త కువియే 1816లో ఆ పేరు పెట్టాడు. రస్సెల్ పుస్తకంలోని తెలుగు మాటనే తీసుకున్నాడు. ఇవాళ ఎర్రసముద్రంలో ఆ చేపను పట్టినా, ఇండోనేషియాలో పట్టినా, శాస్త్రవేత్త కాగితం మీద రాసేది మన కనగర్తనే.

ఇక మన కోడిపుంజు దగ్గరికి వద్దాం.

కొన్నేళ్ల కిందట ఒక తెల్లవారుజామున విశాఖ చేపల రేవులో, బోటులోంచి దింపిన చేపల కుప్ప దగ్గర దీన్ని మొదటిసారి నీళ్ల బయట చూశాను. రొయ్యలు, పీతలు, చిన్న చేపలు కలిసిపోయిన కుప్ప. అందులో ఇది ఒక పక్కకు ఒరిగి పడివుంది. చెయ్యి చాపబోయాను. చేపలు ఏరుతున్న ఒక అమ్మ గట్టిగా కేకేసింది. "ముట్టుకోకు బాబూ! ముల్లు గుచ్చిందంటే పొద్దుగూకే దాకా ఏడుస్తావు." అని, కర్రపుల్లతో దాన్ని పక్కకు తోసేసింది. నేను వంగి చూశాను. పుస్తకాల్లో చూసిన అందంలో పావలా వంతు కూడా లేదు. రెక్కలు ఒంటికి అతుక్కుపోయాయి, రంగులు మాసిపోయాయి. తడిసిన కోడిలా ఉంది.

ఆ మాట అనుకున్నాక ఇంటికి వచ్చేదాకా నా బుర్రలో ఒకటే ఆలోచన. వలలో చచ్చిన ఈ చేపను చూసి ఎవరూ కోడిపుంజు అనరు. పుంజు అనాలంటే రెక్కలు విప్పుకుని ఉండగా చూడాలి. బతికి ఉండగా చూడాలి. దాని నడక చూడాలి. నీళ్లలో దాని తీరు ఇదీ: తొందర ఉండదు. రెక్కలు చాచి, రొమ్ము ముందుకు పెట్టి, దొరలా తిరుగుతుంది. శత్రువు దగ్గరికి వస్తే పారిపోదు. తల కిందికి వంచి, వీపు ముళ్లను సరిగ్గా ఆ శత్రువు వైపు గురిపెట్టి నిలబడుతుంది. బరిలో ఎదుటి పుంజును చూసి మెడ ఈకలు లేపి తల దించే పుంజును చూసినవాళ్లకు పోలిక వేరే చెప్పక్కర్లేదు. రాళ్ల మధ్య నిలిచిన తేట నీళ్లలోనో, పడవ అడుగున పోసిన నీళ్లలోనో, ఎవరో ఒకరు దీన్ని తీరిగ్గా చూసి ఉండాలి. నా మటుకు నాకు ఆ పేరు ఒట్టి పేరు కాదు, ఒక పరిశీలన. ప్రాణిశాస్త్రంలో చేప ప్రవర్తన అని మేము పాఠం చెప్పేది ఆ రెండు మాటల్లో ఉంది.

పోలిక ఇంకొంచెం లోతుకూ వెళ్తుంది. పుంజుకు ఈకలు చూపులకు, ఆయుధం కాలికి. దీనికీ అంతే. కళ్లు చెదిరేలా విచ్చుకున్న ఆ చెంప రెక్కల్లో విషం లేదు. విషమంతా సన్నగా, సూదిగా ఉండే ముళ్లలో ఉంటుంది. లెక్క చెబుతాను. వీపు మీద 13, పొట్ట కింద ఉన్న జంట రెక్కలకు ఒక్కొక్కటి చొప్పున 2, తోకకు ముందు అడుగు భాగాన ఉన్న రెక్కకు 3. మొత్తం 18 ముళ్లు. ప్రతి ముల్లుకూ పొడుగునా రెండు గాళ్లు ఉంటాయి, నాగలి చాలు లాంటివి. ఆ గాళ్లలో విషగ్రంథి కణజాలం ఉంటుంది. ముల్లు మొత్తాన్ని పలచని చర్మం ఒర కప్పుకుని ఉంటుంది. ముల్లు మన ఒంట్లో దిగినప్పుడు ఆ ఒర వెనక్కి నెట్టుకుపోయి చిరుగుతుంది, గ్రంథి నలుగుతుంది, విషం గాడి వెంట గాయంలోకి జారుతుంది. పాము మాదిరిగా విషాన్ని చిమ్మే కండరం దీనికి లేదు. గుచ్చుకున్నవాడి బలమే విషాన్ని లోపలికి పంపుతుంది. అంటే ఇది తనంతట తాను మీదపడి కాటేసే ప్రాణి కాదు. తొక్కినా, పట్టుకున్నా, మింగబోయినా మాత్రం ఊరుకోదు.

ఆ విషం ప్రధానంగా మాంసకృత్తులు, అంటే ప్రొటీన్లు. నొప్పి విపరీతం. వాపు వస్తుంది, కొందరికి వాంతులు, చెమటలు, తలతిరుగుడు. ప్రాణం పోవడం చాలా అరుదు. ప్రొటీన్ కనుక వేడికి చెడిపోతుంది. అందుకే గుచ్చుకున్న చేతినో కాలినో ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో, సుమారు 45 డిగ్రీల వేడిలో, అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచమంటారు వైద్యులు. తీరగ్రామాల్లో వింటున్నవాళ్లు ఈ ఒక్క ముక్కా గుర్తుపెట్టుకోండి. నీళ్ల వేడిని గుచ్చుకున్న చేత్తో చూడొద్దు, నొప్పిలో వేడి తెలియక చర్మం కాలిపోతుంది. ఇంకొకరి చేత చూపించండి. ముల్లు ముక్క లోపల విరిగిందేమో చూసుకోవాలి. ఊపిరి ఆడకపోతే, స్పృహ తప్పుతుంటే ఇంటి వైద్యాలతో ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

దీని వేట తీరు చూస్తే నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. పగలు రాతి చాటునో, పగడాల అరుగు కిందనో, తలకిందులుగానైనా సరే, కదలకుండా ఉంటుంది. పొద్దు వాలాక, మళ్లీ తెల్లవారే ముందు బయలుదేరుతుంది. పరుగెత్తి పట్టే రకం కాదు. చిన్న చేపను చూస్తుంది, రెండు రెక్కలూ చాచి మెల్లగా, పిల్లల్ని గదిలోకి తోలుకొచ్చే అమ్మమ్మ కొంగు చాచినట్టు, దాన్ని ఒక మూలకు తోలుతుంది. ఎటు పోదామన్నా రెక్క అడ్డం. ఒంటి మీద చారలు, రెక్కల మీద చుక్కలు, అన్నీ కలిసి పగడాల నీడల్లో కలిసిపోతాయి. చిన్న చేపకు ఎదురుగా ఉన్నది నోరా, గడ్డిపోచా తేలక ముందే పని ముగుస్తుంది. ఎర్ర చారల రకంలో శాస్త్రవేత్తలు ఇంకో యుక్తి గమనించారు. నోటితో ఎదుటి చేప మీదికి నీటి ధార ఊదుతుంది. సన్నటి ప్రవాహం మొహానికి తగిలితే చేపలు ప్రవాహానికి ఎదురు తిరగడం వాటి సహజ గుణం. అలా అది తల ఇటు తిప్పుతుంది. తల వైపు నుంచి మింగితే రెక్కల ముళ్లు గొంతులో అడ్డుపడవు. ఇంతా చేసి మింగడానికి పట్టేది రెప్పపాటు. నమలడం లేదు. గుటుక్కున మింగడమే.

మింగింది ఎక్కడ పడుతుందంటారా? దీని కడుపు మామూలు పరిమాణానికి 30 రెట్ల దాకా సాగుతుందని కొలిచారు. తన ఒంటి పొడుగులో సగానికి మించిన చేపను కూడా మింగగలదు. దొరికినప్పుడు అంత తినే ప్రాణి, దొరకనప్పుడు పస్తు ఉండటంలోనూ గట్టిదే. వారాల తరబడి తిండి లేకుండా బతుకుతుంది. గాలితిత్తి పక్కన ఉన్న కండరాలతో ఒంటిని కావలసిన కోణంలో వంచుకుంటుంది. అందుకే దీనికి తల కింద, తోక పైన అయినా ఒకటే.

సంతానం మాట. సంధ్య వేళ మగది ఆడదాని చుట్టూ తిరుగుతుంది, రెండూ కలిసి పైకి లేస్తాయి, ఆడది రెండు జిగురు ముద్దలుగా గుడ్లు విడుస్తుంది. ముద్దల్లో వేల గుడ్లు. ఆ జిగురు నీళ్ల మీద తేలుతుంది, కాసేపటికి విడిపోతుంది, గుడ్లు ఎటు గాలి అటు పోతాయి. ఒకటిన్నర రోజులో పిల్ల బయటికొస్తుంది. ఆ తర్వాత మూడు నుంచి ఆరు వారాలు నడిసముద్రపు నీళ్లలో తేలుతూ, ప్రవాహం ఎటు తీసుకెళ్తే అటు వెళ్లి, ఎక్కడో ఒక దిబ్బ మీద దిగుతుంది. తల్లి ఒకచోట, పిల్ల వందల కిలోమీటర్ల అవతల. వెచ్చని నీళ్లలో ఆడది మూడు నాలుగు రోజులకోసారి గుడ్లు పెట్టగలదు. ఏడాదికి లెక్క కడితే ఇరవై లక్షల దాకా వస్తుంది. ఈ లెక్క ఒకచోట ఎంత ఉపద్రవం తెచ్చిందో కాసేపట్లో చెబుతాను.

ముందు వర్గీకరణ సంగతి. మా క్లాసుల్లో పిల్లలకు ఎక్కువ విసుగు తెప్పించే పాఠం ఇదే. నాకు మాత్రం ఇందులో కథంతా ఉందనిపిస్తుంది.

మన పల్లెల్లో పుంజుల్ని ఎలా విడదీస్తారు? రంగును బట్టి. కాకి, డేగ, నెమలి, సేతువ. ఏ పుంజుకు ఏ పేరో చూడగానే చెప్పే పెద్దలున్నారు. చేపల్ని కూడా మొదట రంగును బట్టీ, ఆకారాన్ని బట్టీ విడదీశారు. 1758లో స్వీడన్‌కు చెందిన లిన్నేయస్ ఈ చేపకు మొదటి శాస్త్రీయ నామం పెట్టాడు. ఉష్ణమండల సముద్రం ఎన్నడూ చూడని మనిషి ఆయన. వీపు మీద ముళ్లు విడివిడిగా ఉన్నాయి కనుక యూరప్ వాగుల్లో ఉండే ముళ్లవీపు చిన్న చేపల ప్రజాతిలో, గాస్టెరోస్టియస్‌లో చేర్చి, వోలిటాన్స్ అన్నాడు. ఎగిరేది అని అర్థం. తప్పు కుటుంబంలో పడిందిగాని, రెండో పేరు నేటికీ నిలిచింది. ఎగిరేది అన్న ఆ ఊహలో కూడా రెక్కే ఉంది చూడండి, పక్షే ఉంది. తర్వాత జర్మనీకి చెందిన ఓకెన్ 1817లో దీనికోసం వేరే ప్రజాతి ఏర్పరచాడు. టెరోయిస్. గ్రీకు భాషలో రెక్కకూ ఈకకూ ఉన్న మాట నుంచి వచ్చింది. స్వీడన్‌వాడికి రెక్క కనిపించింది, జర్మనీవాడికి రెక్క కనిపించింది, విశాఖ జాలరికి పుంజు కనిపించింది. ఆ జాలరి వాళ్లెవరి మాటా వినకుండానే.

అసలు బంధువులెవరంటే తేలు చేపలు, రాతిచేపలు. ఈ కుటుంబానికి స్కార్పీనిడే అని పేరు. వీటన్నిటికీ ఉమ్మడి గుర్తు ఒకటుంది. కంటి కింద నుంచి చెంప మీదుగా ఒక ఎముక పట్టీ పోతుంది, చెంపకు కవచం తొడిగినట్టు. పైన ఎన్ని సోకులున్నా, ఆ ఎముక చూస్తే వంశం తెలుస్తుంది. బురదరంగులో రాయిలా పడివుండే రాతిచేపా, ఎర్ర చీర కట్టుకున్నట్టుండే ఇదీ దగ్గరి చుట్టాలని రంగు చూసి ఎవరు చెప్పగలరు? ఒకప్పుడు ఈ చెంప కవచాన్ని బట్టి వీటిని ప్రత్యేక క్రమంగా లెక్కవేసేవారు. ఇటీవలి వర్గీకరణలలో పెర్సిఫార్మిస్ అనే పెద్ద క్రమంలోకి తెచ్చారు. ఆ వివరం పాఠ్యపుస్తకాలకు వదిలేద్దాం.

టెరోయిస్ ప్రజాతిలో సుమారు డజను జాతులున్నాయి. హిందూ మహాసముద్రంలో ఎక్కువగా కనిపించేది టెరోయిస్ మీలెస్. మీలెస్ అంటే లాటిన్‌లో సైనికుడు. సింహళ తీరపు చేపల మీద పుస్తకం వేసిన జాన్ విచర్చ్ బెన్నెట్ 1828లో పెట్టిన పేరు. పసిఫిక్‌లో వోలిటాన్స్. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే అనుభవజ్ఞులు కూడా తికమకపడతారు. అక్కడ రంగు పనికిరాదు. రెక్కలోని మెత్తటి ఈనెలు లెక్కపెట్టాలి. వీపు రెక్క వెనక భాగంలో వోలిటాన్స్‌కు సాధారణంగా 11, మీలెస్‌కు 10. అడుగు రెక్కలో దానికి 7, దీనికి 6. ఒక్క ఈనె తేడా. అదీ ఎల్లవేళలా కచ్చితం కాదు.

మరి రస్సెల్ చూసిన చేప? 1831లో ఇంకో బెన్నెట్, ఎడ్వర్డ్ టర్నర్ బెన్నెట్, ఈ జాతికి రస్సెల్ పేరే పెట్టాడు. టెరోయిస్ రసెలీ. దీన్ని పోల్చడం తేలిక. వోలిటాన్స్‌కూ మీలెస్‌కూ తోక మీద, వెనక రెక్కల మీద చుక్కలు చల్లినట్టుంటాయి. దీనికి ఆ రెక్కలు తేటగా, మచ్చ లేకుండా ఉంటాయి. పగడాల మధ్యకంటే ఇసుక, బురద కలిసిన అడుగున, అక్కడక్కడ రాళ్లున్న చోట ఎక్కువ తిరుగుతుంది. అందుకే ట్రాలు వలలకు పడుతుంది. మన ఆంధ్ర తీరంలో లక్షదీవుల్లోలాగా, అండమాన్‌లోలాగా పెద్ద పగడపు దిబ్బలు లేకపోయినా ఇది మనకు దొరకడానికి కారణం అదే.

1852లో బటావియాలో పనిచేసిన డచ్చి సైనిక వైద్యుడు పీటర్ బ్లీకర్ ఇదే చేపకు ఇంకో పేరు పెట్టాడు. ఆ పేరు వినండి. టెరోయిస్ కోడిపుంగి. అవును, మన కోడిపుంజు. విశాఖ జాలరి నోటి మాట, రస్సెల్ చెవి గుండా పుస్తకంలోకి వెళ్లి, అక్కడినుంచి డచ్చివాడి కలానికి ఎక్కి, లాటిన్ నామమై కూర్చుంది. శాస్త్రంలో ఒక నియమం ఉంది. ఒకే ప్రాణికి రెండు పేర్లు పడితే ముందు పడ్డదే చెల్లుతుంది. బెన్నెట్ పేరు 21 ఏళ్లు ముందుది. కనుక రసెలీ చెల్లింది, కోడిపుంగి పర్యాయనామంగా పక్కకు జరిగింది. అయితే శాస్త్రం పేర్లను పారెయ్యదు. పక్కకు జరిగిన పేరును కూడా, పెట్టినవాడి పేరుతో, సంవత్సరంతో సహా, జాబితాలో ఉంచుతుంది. ఈ చేప పేర్ల చరిత్ర వెతికే ఏ దేశపు విద్యార్థికైనా ఆ వరసలో కోడిపుంజు ఎదురవుతుంది. ఆ విద్యార్థికి దాని అర్థం తెలియకపోవచ్చు. మనకు తెలుసు.

ఈ కథ అక్కడితో ఆగలేదు. ఈనెలు లెక్కపెట్టే కాలం పోయి జన్యువులు చదివే కాలం వచ్చింది. 2018లో వెలువడిన ఒక జన్యు పరిశోధన పెద్ద చర్చనే లేపింది. అందరికీ బాగా తెలిసిన ఎర్ర చారల వోలిటాన్స్, లిన్నేయస్ 1758లో పేరు పెట్టినది, అసలు ఒక సంకర వంశమని ఆ పరిశోధకులు తేల్చారు. హిందూ మహాసముద్రపు మీలెస్ వంశం ఒకవైపు, పసిఫిక్‌లోని రసెలీ, జపాన్ మినోకసాగో వంశం ఇంకోవైపు, ఈ రెండూ కలిసిన చోట పుట్టిందన్నారు. అంతేకాదు, మన రసెలీకీ, జపాన్ వాళ్ల మినోకసాగోకీ మధ్య స్పష్టమైన హద్దు కనిపించలేదన్నారు. ఆ రెండూ ఒకటేనని రేపు అందరూ ఒప్పుకుంటే ఏ పేరు నిలవాలి? మినోకసాగోకు శాస్త్రీయ నామం పడింది 1843లో. మనది 1831. ముందు పడ్డదే చెల్లుతుందన్న నియమం ప్రకారం జపాన్ సముద్రంలోని చేప కూడా విశాఖ వైద్యుడి పేరుతోనే నడవాలి.

ఇందాక చెబుతానన్న ఉపద్రవం సంగతి. 1985లో అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో ఒక లయన్ ఫిష్ దొరికింది. అంతకుముందు అట్లాంటిక్ సముద్రంలో ఈ ప్రజాతి అసలు లేదు. అక్వేరియంల కోసం తెచ్చినవాటిని ఎవరో సముద్రంలో వదిలి ఉంటారని అందరి అంచనా. కొద్ది సంఖ్యలో మొదలైన సంతతి అది, జన్యువుల్లో వైవిధ్యం చాలా తక్కువ. 2000 తర్వాత అవి ఉత్తర కరోలినా దాకా, 2004 నాటికి బహామా దీవుల దాకా, ఆపైన కరీబియన్ అంతటా పాకాయి. అక్కడి చిన్న చేపలకు ఈ విసనకర్ర రెక్కలంటే భయం తెలియదు. తరతరాలుగా చూడలేదు కదా. బహామాలో చిన్న చిన్న దిబ్బలను ఎంచుకుని 2008లో ప్రచురించిన ఒక పరీక్షలో, ఒక్క లయన్ ఫిష్ ఉన్న దిబ్బ మీద ఐదు వారాల్లో కొత్తగా చేరే చిన్న చేపలు సగటున 79 శాతం తగ్గాయి. చదివినప్పుడు ఆ అంకెను రెండుసార్లు చూసుకున్నాను.

ఇటు మధ్యధరా సముద్రంలోకి సూయజ్ కాలువ దారి ఇచ్చింది. అక్కడికి వెళ్లింది మీలెస్, ఆ సైనికుడు. 1991లో ఇజ్రాయెల్ తీరంలో ఒకటి దొరికింది. తర్వాత ఇరవై ఏళ్లు చప్పుడు లేదు. 2012 నుంచి లెబనాన్, సైప్రస్, గ్రీసు, వరసగా కనిపించడం మొదలైంది. నీళ్లు వేడెక్కుతున్న కొద్దీ దానికి దారి సుగమమవుతోంది.

తప్పు చేపది కాదు. హిందూ మహాసముద్రంలో, పసిఫిక్‌లో, తన సొంత దిబ్బల మీద ఇది అంత గుంపులుగా కనిపించదు. తిండీ శత్రువూ చోటూ ఒకదానితో ఒకటి సర్దుకున్న ఇల్లు అది. గొట్టం మూతి పొడుగు చేప ఒకటి దీన్ని మింగిన దాఖలా ఎర్రసముద్రంలో దొరికింది. గాజుతొట్టిలో పెంచుకోవాలన్న ముచ్చటతో కొని, తిండి పెట్టలేక, చంపలేక, సముద్రంలో వదిలేసిన మనిషి చేతి పనే అట్లాంటిక్‌లోని ఉపద్రవం. అక్వేరియం పెట్టుకున్న శ్రోతలెవరైనా ఉంటే, దయచేసి ఏ చేపనూ చెరువులోనూ కాలువలోనూ సముద్రంలోనూ వదలకండి. కొన్న దుకాణానికే తిరిగి ఇవ్వండి.

అమెరికాలో ఇప్పుడు దీన్ని పట్టి తినమని ప్రభుత్వ సంస్థలే ప్రోత్సహిస్తున్నాయి. ఎక్కువ పట్టినవాళ్లకు బహుమతులిచ్చే పోటీలు పెడుతున్నారు. విషం ముళ్లలోనే ఉంటుంది, మాంసంలో ఉండదు. ముళ్లు కత్తిరించాక అది తెల్లటి, మెత్తటి, ముళ్లు తక్కువగా ఉండే చేప. ఉడికిస్తే ఎలాగూ ఆ విషం చెడిపోతుంది.

ఇంతకూ నాకు తీరని సందేహం ఒకటి మిగిలింది. అది మీరే తీర్చాలి. రస్సెల్ రాసుకున్న ఆ పేరు ఇవాళ మన తీరంలో ఎక్కడెక్కడ వినిపిస్తోంది? భీమిలిలో ఏమంటారు? కళింగపట్నంలో ఏమంటారు? కాకినాడ, ఉప్పాడ, మచిలీపట్నం, నిజాంపట్నం వైపు ఏమంటారు? మీ ఇంట్లో వేటకు వెళ్లే తాత ఉన్నా, చేపలమ్మే అవ్వ ఉన్నా, ఒకసారి అడగండి. ఎర్ర చారలుండి, రెక్కలు విప్పుకుని, ముల్లు గుచ్చితే పొద్దుగూకేదాకా ఏడిపించే చేప పేరేమిటని. ఆ పేరు వాళ్లు ఎలా పలికితే అలాగే ఒక కార్డు మీద రాయండి. కింద ఊరి పేరు రాయండి. చెప్పినవాళ్ల పేరు కూడా, వాళ్లు సరేనంటే, తప్పకుండా రాయండి. రేడియో కేంద్రం చిరునామాకు పంపితే నాకు అందుతుంది.